మొగ పూడిపోతే సరస్సులో రొయ్య ఎందుకు పడదు? తవ్వితే తిరిగి వస్తుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ అమ్మమ్మగారి ఊరు సూళ్లూరుపేట దగ్గర, పులికాట్ సరస్సు ఒడ్డున. మొగ, అంటే సరస్సు సముద్రంలో కలిసే దారి, పూడిపోయింది కాబట్టే రొయ్య పడటం లేదని ఊళ్లో అంటున్నారు. రొయ్య సరస్సులోనే గుడ్లు పెట్టి సరస్సులోనే పెరుగుతుంది కదా, సముద్రం నీళ్లు రాకపోతే దానికేం నష్టమని మీ సందేహం. మొగ తవ్విస్తే పాత దిగుబడి వస్తుందా, లేక హేచరీ సీడ్ (కేంద్రాల్లో పొదిగించిన రొయ్యపిల్ల) తెచ్చి వదిలితే సరిపోతుందా అని కూడా అడిగారు.

ముందు సూటిగా జవాబు. మీరు తినే ఉప్పునీటి రొయ్య సరస్సులో పుట్టదు, సముద్రంలో పుడుతుంది. పిల్లగా మొగలోంచి లోపలికి వచ్చి, కొన్ని నెలలు పెరిగి, మళ్లీ అదే మొగలోంచి సముద్రానికి పోతుంది. మొగ మూసుకుపోతే లోపలికి వచ్చే పిల్ల ఆగిపోతుంది, కాబట్టి ఊళ్లోవాళ్లు చెబుతున్నది నిజమే. తవ్వితే పిల్ల వస్తుంది కూడా. అయితే ఏ కాలంలో తవ్వారు, తవ్విన దారిలో ఎంత నీరు ఎంత వేగంతో ఆడుతోంది, వచ్చిన పిల్ల లోపల ఎంత దూరం వెళ్లగలుగుతోంది అన్న మూడింటి మీదే ఫలితం ఉంటుంది. ఇసుకలో కాలువ కనిపించినంత మాత్రాన మొగ పనిచేస్తున్నట్టు కాదు. హేచరీ సంగతి చివర్లో చెబుతాను.

నేను ఉప్పునీటి మత్స్య రంగంలో చాలాకాలం పనిచేశాను. పులికాట్‌లోనూ కాకినాడ వైపు ఏర్లలోనూ సన్నకన్ను వలలతో పిల్ల రొయ్యను పట్టి లెక్కించడమే నా పనిలో ఎక్కువ భాగం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

తెల్లరొయ్య, టైగర్ రొయ్య ఒడ్డుకు దూరంగా లోతు నీళ్లలో గుడ్లు వదులుతాయి. ఒక్కో తల్లి లక్షల్లో వదులుతుంది. గుడ్డు ఒక రోజు లోపే పొదుగుతుంది. అక్కడినుంచి నాప్లియస్, జోయియా, మైసిస్ అనే దశలు దాటి, పది పన్నెండు రోజులకు పోస్ట్ లార్వా అవుతుంది. హేచరీవాళ్లు పీఎల్ అనేది దీన్నే. అప్పటికి దాని పొడవు సెంటీమీటరు కూడా ఉండదు. ఈ పది పన్నెండు రోజులూ అది ప్రవాహం ఎటు తీసుకెళ్తే అటు పోవలసిందే. మన తీరం వెంట ప్రవాహం ఏడాది పొడవునా ఒకే దిక్కున ఉండదు. ఫిబ్రవరి నుంచి మే దాకా ఎక్కువగా ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి పోతుంది. సెకనుకు 20 సెంటీమీటర్ల వేగంతో పది రోజులు కొట్టుకుపోయినా దూరం 170 కిలోమీటర్లు అవుతుంది. ఒడ్డుకు దగ్గర నీళ్లలో ఇంత వేగం ఉండకపోవచ్చు, అయినా పులికాట్‌లోకి వచ్చే పిల్ల పులికాట్ ఎదుట పుట్టినదే అయి ఉండాలని ఏమీ లేదు. ఎండాకాలంలో చెన్నైకి దక్షిణాన, ఈశాన్య రుతుపవనాల రోజుల్లో నెల్లూరు, ప్రకాశం తీరాల్లో పుట్టి ఉండవచ్చు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట ఆపుతారు కదా. అక్కడెక్కడో బతికిన తల్లి రొయ్య పిల్ల ఇక్కడి సరస్సుకు చేరుతుంది కాబట్టి, ఆ నిషేధం సరస్సు మీద బతికేవాళ్లకూ సంబంధించినదే.

ఇక అసలు సంగతి. ఒడ్డుకు చేరిన పీఎల్‌కు ఎదురీదే బలం లేదు. మొగలో నీరు సెకనుకు అర మీటరు, మీటరు వేగంతో పరిగెడుతుంటే సెంటీమీటరు ప్రాణి ఏం ఈదుతుంది? అందుకని ఒక ఉపాయం చేస్తుంది. పోటు ఎక్కుతున్నప్పుడు అడుగు వదిలి పైనీటికి లేచి ఆ ప్రవాహంతో లోపలికి వస్తుంది. ఆటు మొదలవగానే అడుగుకు దిగి ఇసుకకూ గడ్డికీ అంటుకుని ఉంటుంది. మళ్లీ పోటుకు లేస్తుంది. మన ఊరి వైపు పోయే బస్సు మాత్రమే ఎక్కి, ఎదురు బస్సు వచ్చినప్పుడు స్టాపులో కూర్చున్నట్టు అన్నమాట. ఇలా కొన్ని పోట్లు పట్టుకుంటే కిలోమీటర్ల కొద్దీ లోపలికి పోతుంది. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు దిగాలో నీటి ఉప్పుదనం, పీడనం మారడాన్ని బట్టి దానికి తెలుస్తుంది.

ఈ ప్రయాణం ఎక్కువగా రాత్రిపూట జరుగుతుంది. మొగ దగ్గర పగటి పోటులో వల పెడితే వేళ్ల మీద లెక్కపెట్టేన్ని పిల్లలు దొరికిన చోటే, అమావాస్య దాటిన రాత్రి పోటులో గుప్పెళ్ల కొద్దీ దొరకడం నేను ఎన్నోసార్లు చూశాను. కేరళలో పొక్కాళి వరిపొలాల్లో కోత అయ్యాక రొయ్య పెంచేవాళ్లు ఇది తరాలుగా వాడుకుంటున్నారు. రాత్రి పోటు వేళ తూము తెరిచి దగ్గర దీపం వేలాడదీస్తారు. డబ్బు పెట్టి సీడ్ కొనే పనిలేకుండా పొలంలోకి పిల్ల దానంతటదే వస్తుంది.

ఇప్పుడు నీటి లెక్క. పిల్ల నీటితో వస్తుంది కాబట్టి, ఒక పోటులో లోపలికి ఎంత నీరు వచ్చిందో దాన్నిబట్టే పిల్ల. చదరపు కిలోమీటరు సరస్సులో నీటిమట్టం పది సెంటీమీటర్లు లేవాలంటే లక్ష ఘనపు మీటర్లు, అంటే పది కోట్ల లీటర్ల సముద్రపు నీరు రావాలి. పది ఘనపు మీటర్లకు ఒక్క పిల్ల ఉందనుకున్నా ఆ ఒక్క పోటుకు పదివేల పిల్లలు. వంద చదరపు కిలోమీటర్లలో అలా లేస్తే పది లక్షలు. మన తీరంలో రోజుకు రెండు పోట్లు. మొగ ఇరుకై మట్టం పది బదులు రెండు సెంటీమీటర్లే లేచిందంటే, కాలువ కంటికి తెరిచి ఉన్నట్టే కనిపిస్తుంది, పిల్ల మాత్రం అయిదో వంతుకు పడిపోతుంది. "మొగ తెరిచే ఉంది కదా సార్, మరి రొయ్య ఏదీ?" అని అడిగినవాళ్లకు నేను ఈ లెక్కే చెబుతుంటాను.

చెన్నై, నెల్లూరు తీరంలో పోటు అసలే చిన్నది. అమావాస్య, పున్నమి దాటిన ఒకటి రెండు రోజుల్లో మీటరు చుట్టూ ఉంటుంది. అష్టమి రోజుల్లో అందులో సగం కూడా ఉండదు. గుజరాత్ తీరంలో లాగా మీటర్ల కొద్దీ ఎక్కే పోటు అయితే మొగను అదే కడుక్కుంటుంది. ఇక్కడ ఆ బలం లేదు.

మరోపక్క ఇసుక బలం చూడండి. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఏటవాలుగా కొట్టి ఇసుకను తీరం వెంట ఉత్తరానికి నడిపిస్తాయి, ఈశాన్య కాలంలో దక్షిణానికి. ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. ఆ ఇసుకంతా మొగకు అడ్డంగా పోవాలి. నీటి వేగం దాన్ని నెట్టగలిగితే మొగ నిలుస్తుంది, లేకపోతే దక్షిణపు ఒడ్డునుంచి మేట పెరుగుతూ వచ్చి మూసేస్తుంది. పెద్ద పోటు రోజుల్లో మొగలో వేగం సెకనుకు మీటరు దరిదాపుల్లో ఉంటే మొగ తనను తాను కాపాడుకుంటుందని ఒక మోటు కొలత.

దీనికి తోడు చాలామంది గమనించని విషయం ఒకటుంది. బంగాళాఖాతం సగటు మట్టమే ఏడాదిలో మారుతుంది. అక్టోబరు, నవంబరులో ఎక్కువ, మార్చి, ఏప్రిల్‌లో తక్కువ. చెన్నై దగ్గర ఆ తేడా సుమారు 30 సెంటీమీటర్లు. మీటరు పోటు ఉండే చోట ఇది చిన్న తేడా కాదు. పైగా మార్చికల్లా కాళంగి, ఆరణి నదుల్లో నీరు ఉండదు. ఎండకు సరస్సులోంచి రోజుకు అర సెంటీమీటరు పైనే ఆవిరైపోతుంది. కాబట్టి లోపలికి వచ్చే నీరే తప్ప బయటికి తోసే నీరు కరువు. వచ్చిన నీరు తెచ్చిన ఇసుక లోపలే మేట వేస్తుంది. ఎండాకాలంలో మొగ మూసుకుపోవడానికి కారణం ఇదే. అక్టోబరు, డిసెంబరు మధ్య వానలకు నదులు పారి సరస్సు నిండితే ఆ నీరే గట్టు తెంచుకుని మొగ తెరుస్తుంది. పైన చెరువుల్లోనూ ఆనకట్టల్లోనూ నీరు నిలిచిపోయి, వానలు తక్కువైన ఏడు ఆ తెంపు బలహీనంగా ఉంటుంది, మరుసటి వేసవికి మొగ ఇంకా ముందే మూసుకుంటుంది. మొగ గురించి మాట్లాడేటప్పుడు అందరూ సముద్రం వైపే చూస్తారు. నా దృష్టిలో సగం జబ్బు నది వైపున ఉంది.

మీ ఊరి విషయానికి వస్తే, నేను మొదట అడిగేది అది శ్రీహరికోట రోడ్డుకు ఉత్తరాన ఉందా, దక్షిణాన ఉందా? అని. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సును అడ్డంగా దాటుతుంది. కట్ట కింద తూముల్లోంచే నీరు అటూ ఇటూ ఆడాలి. దక్షిణం వైపు ఊళ్లకు తమిళనాడులోని పళవేర్కాడు మొగ దిక్కు. ఉత్తరం వైపు ఊళ్లకు రాయదొరువు, కొండూరుపాలెం మొగలు దిక్కు. పళవేర్కాడు మొగను ఎంత బాగుచేసినా ఉత్తర భాగానికి అందే పోటు కొద్దిగానే ఉంటుంది. సరస్సు సగటు లోతు మీటరు చుట్టూ మాత్రమే కాబట్టి, మొగ నుంచి దూరం పెరిగేకొద్దీ నేల రాపిడికి పోటు చచ్చిపోతుంది. ఉత్తరాన వేసవిలో పెద్ద భాగం ఎండి చవిటి మైదానమైపోవడం మీరు చూసే ఉంటారు. మిగిలిన మడుగుల్లో సాలినిటీ (కిలో నీటిలో ఎన్ని గ్రాముల ఉప్పు ఉందన్న లెక్క) సముద్రపు నీటి 35 దాటి చాలా పైకి పోతుంది. తెల్లరొయ్య ఉప్పు మార్పును బాగానే తట్టుకుంటుంది, కానీ అంత ఉప్పులో ఎదగదు, మడుగు ఆరితే ఎటూ పోలేదు.

రొయ్య గురించే మాట్లాడుతున్నాను కానీ మిగతావాటి కథా ఇంచుమించు ఇదే. మండపీత ఆడది గుడ్లతో సముద్రానికి పోతుంది, దాని జోయియాలకు సముద్రపు ఉప్పుదనమే కావాలి, మూడు నాలుగు వారాల తర్వాత మెగలోపా దశలో ఒడ్డుకూ ఏర్లకూ తిరిగి వస్తుంది. కత్తిపరిగ సముద్రంలో గుడ్లు పెడితే, రెండు మూడు సెంటీమీటర్ల పిల్లలు గుంపులుగా లోపలికి వస్తాయి. పాలబొంత కూడా అంతే. పండుగప్ప నదుల్లో, సరస్సుల్లో పెరిగి, గుడ్లు పెట్టడానికి మొగ దగ్గరి ఉప్పునీటికి దిగుతుంది. మొగ మూసుకుంటే వీటన్నిటికీ ఒకేసారి దెబ్బ.

తవ్వితే వస్తుందా? వస్తుందని చెప్పడానికి మంచి ఉదాహరణ పక్క రాష్ట్రం ఒడిశాలోనే ఉంది. చిలికా సరస్సు మొగ ఉత్తరానికి జరిగిపోయి, సన్నటి పొడుగాటి కాలువ చివరన మిగిలింది. నీటిలో ఉప్పు తగ్గి కలుపు పెరిగింది, చేప పడిపోయింది. 1993లో రామ్‌సర్ ఒప్పందం కింద ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. చిలికా అభివృద్ధి సంస్థ 2000 సెప్టెంబరులో సరస్సుకు దగ్గరగా ఇసుకతిన్నెను కోసి కొత్త మొగ తెరిచింది. సముద్రానికి దారి 18 కిలోమీటర్లు తగ్గింది. 1999-2000లో 1,700 టన్నుల చిల్లర ఉన్న చేప, రొయ్య, పీతల దిగుబడి 2001-02కి 12,000 టన్నుల దగ్గరకు చేరింది. 2002లో ఆ జాబితా నుంచి చిలికాను తీసేశారు. ఆ తీరంలో వేట చేసే నోళియాలు తెలుగు మాట్లాడేవాళ్లే, కాబట్టి ఈ కథ మనవాళ్లలోనూ చాలామందికి తెలుసు.

అయితే అదే ఫలితం పులికాట్‌లో వస్తుందని నేను మాట ఇవ్వలేను. చిలికాకు దయా, భార్గవి వంటి మహానది పాయల నీరు వస్తుంది, వానాకాలంలో ఆ వరదే మొగను కడుగుతుంది. పులికాట్‌కు వచ్చేవి చిన్న నదులు, అవీ కొన్ని నెలలే. అక్కడ కూడా కొత్త మొగ ఒకచోట నిలవలేదు, 2008లో దానంతటదే ఇంకోటి తెరుచుకుంది.

తవ్వకం గురించి నా అనుభవంలో తేలిన విషయాలు కొన్ని చెబుతాను. ఒక ఊళ్లో జనం చందాలు వేసుకుని నిండు వేసవిలో పొక్లెయిన్ పెట్టి తవ్వించారు. పోటు వచ్చింది, అందరూ సంతోషించారు. కొన్ని వారాలకే ఇసుక మళ్లీ కప్పేసింది. వాళ్ల కష్టం చూస్తే బాధేసింది. లోపల మట్టం తక్కువగా ఉన్నప్పుడు తవ్వితే సముద్రం లోపలికి ఇసుక మోస్తుంది తప్ప బయటికి తోసే బలం ఉండదు. సరస్సు వాననీటితో నిండుగా ఉన్నప్పుడు, ఆటు మొదలయ్యే వేళకు కోత పూర్తయ్యేలా తవ్వాలి. అప్పుడు దిగే నీరే మిగతా కాలువ తవ్విపెడుతుంది. మొగల దగ్గరి పాతతరం వాళ్లకు ఇది తెలుసు, వాళ్లను అడగకుండా పని మొదలుపెట్టకూడదు.

తవ్విన ఇసుకను దక్షిణపు ఒడ్డున పోయకూడదు. అలలు దాన్ని మళ్లీ మొగలోకే తెస్తాయి. ఉత్తరం వైపు, మొగకు దూరంగా వేయాలి.

ఇంకొకటి, కాస్త నచ్చని మాట. ప్రతి ఊరూ తన ఎదుట ఒక మొగ కావాలంటుంది. ఆ కోరిక న్యాయమైనదే. కానీ ఒకే నీటి భాగానికి రెండు మొగలు తెరిస్తే, వచ్చిపోయే నీరు రెండింటికీ పంచుకోబడి రెండింటిలోనూ వేగం తగ్గుతుంది. చివరికి ఒకటి, ఒక్కోసారి రెండూ పూడుతాయి. పులికాట్‌లో రోడ్డు కట్ట వల్ల ఉత్తర, దక్షిణ భాగాలు దాదాపు వేరైపోయాయి కాబట్టి ఒక్కోదానికి ఒక్కో మంచి మొగ ఉండటం సబబే. ఒకే భాగంలో రెండు అడిగితే మాత్రం నేను వద్దంటాను. మొగ లోపలి కాలువల పూడిక కూడా తీయకపోతే మొగ బాగున్నా పోటు ముందుకు పోదు. తూముల సంగతీ అంతే, కొన్ని తూములు వెడల్పు చేయడం వల్ల వచ్చే లాభం ఒక్కోసారి కొత్త మొగ కంటే ఎక్కువ ఉండొచ్చు.

గోడలు కట్టి మొగను శాశ్వతంగా నిలబెట్టాలనే మాట కూడా వినిపిస్తుంది. నిలబడొచ్చు. కానీ ఇసుక ఉత్తరానికి పోయే తీరంలో సముద్రంలోకి గోడ కడితే దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. చెన్నై ఓడరేవు ఉత్తరాన రాయపురం తీరానికి జరిగింది అదే. ఉత్తరాన ఏ ఊళ్లు ఉన్నాయో చూడకుండా, ఏటా ఇసుకను దాటించే ఏర్పాటు లేకుండా గోడ కట్టమనడం సరికాదు.

ఇక హేచరీ సీడ్. మొగకు బదులుగా అయితే సరిపోదు, తోడుగా అయితే ఆలోచించవచ్చు. మొదట, వెన్నామి పిల్లను సరస్సులో ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకండి. అది పసిఫిక్ తీరపు లాటిన్ అమెరికా రొయ్య, మన నీళ్లది కాదు. వదిలితే తెల్లరొయ్య గానీ టైగర్ గానీ, అదీ పీసీఆర్ పరీక్షలో తెల్లమచ్చ వైరస్ లేదని తేలినదే వదలాలి. ఆ వైరస్ 1994-95లో మన తీరానికి వచ్చి చెరువులను ఎలా ఊడ్చేసిందో మీ ఊళ్లో ఆ రోజుల్లో చెరువు వేసినవాళ్లను అడిగితే చెబుతారు. సెంటీమీటరు పిల్లను నేరుగా వదిలితే చేపల నోట్లోకి పోతుంది. కొన్ని వారాలు హాపాల్లో (నీళ్లలో కట్టే వల సంచుల్లో) పెంచి, స్థానిక సాలినిటీకి అలవాటు చేసి, గడ్డి, బురద ఉన్న చోట వదిలితే కొంత నిలుస్తుంది. అయినా అది ఆ ఒక్క పంటకే. పెరిగిన రొయ్యకు సముద్రానికి దారి లేకపోతే అది గుడ్డు పెట్టదు, మరుసటి ఏడు మళ్లీ కొనాల్సిందే. పీత, కత్తిపరిగ, పండుగప్ప పిల్లల్ని కూడా ఏటా కొనగలరా?

మీరు నిజంగా ఏదైనా చేయాలనుకుంటే, అర్జీ రాసే ముందు కొన్ని కొలతలు తీసుకోండి. ఖర్చు పెద్దగా ఉండదు. సెంటీమీటర్ల గీతలున్న కర్రలు మూడు, ఒకటి మొగ దగ్గర, ఒకటి తూము దగ్గర, ఒకటి మీ ఊరి ఒడ్డున పాతి, అమావాస్య, పున్నమి తర్వాతి రెండు రోజులు గంటగంటకూ మట్టం రాయించండి. మొగలో 60 సెంటీమీటర్లు ఎక్కి ఊరి దగ్గర మూడే ఎక్కితే, అడ్డు ఎక్కడుందో రెండో కర్రే చెబుతుంది. రొయ్య చెరువుల దగ్గర ఉప్పుదనం కొలిచే రిఫ్రాక్టోమీటరు దొరుకుతుంది, అదే చోట్ల సాలినిటీ కూడా చూడండి. వీలైతే దోమతెర గుడ్డతో చిన్న సంచివల కుట్టించి, రాత్రి పోటులో అరగంట కట్టి, ఎంత పిల్ల పడిందో ఫొటో తీసి నీళ్లలో వదిలేయండి. నెలకు రెండుసార్లు చొప్పున ఒక ఏడాది ఇలా రాస్తే, ఏ నెలల్లో పిల్ల ఉధృతంగా వస్తుందో, ఆ నెలల్లో మొగ తెరిచి ఉందో లేదో మీ చేతిలో లెక్క ఉంటుంది. అధికారులతో మాట్లాడేటప్పుడు "రొయ్య తగ్గింది" అనే మాట కన్నా ఆ కాగితానికి బరువెక్కువ.

ఊరు రోడ్డుకు ఏ వైపుందో, ఇప్పుడు ఏ మొగ తెరిచి ఉందో ఇక్కడే రాయండి. కొలతలు తీసుకున్నాక అవి కూడా పెడితే చూసి, తూము దగ్గర మొదలుపెట్టాలా, మొగ దగ్గర మొదలుపెట్టాలా అన్నది నాకు తోచినంతవరకు చెబుతాను.